బావి అడుగున ఏ బిట్? రోలర్ కోనా, పీడీసీనా?

రాజోలు, నరసాపురం వైపు కొబ్బరి తోటల మధ్య చమురు, గ్యాస్ కోసం బావి తవ్వే రిగ్గు కనిపిస్తే అందరి చూపూ టవర్ మీదే ఉంటుంది. నాకు మాత్రం కింద, గొట్టాల చివర తిరుగుతూ రాతిని తొలిచే బిట్ మీదే మనసు.

రోలర్ కోన్ రకం బిట్ పాతది. హోవార్డ్ హ్యూస్ సీనియర్ 1909లో రెండు కోన్ల బిట్‌కు పేటెంట్ పొందారు. మూడు కోన్లది 1930ల్లో వచ్చింది. పళ్లున్న కోన్లు దొర్లుతూ రాతిని నలగ్గొడతాయి. 1970ల్లో వచ్చిన పీడీసీ (పాలీక్రిస్టలైన్ డైమండ్ కాంపాక్ట్) బిట్‌లో కదిలే భాగమే లేదు. కృత్రిమ వజ్రపు బిళ్లలు చిత్రిక పట్టినట్టు రాతిని పొరలుగా లేపుతాయి.

ఇక్కడ నేల అడుగున ఉండే పాలకొల్లు షేల్ అనే పొరల రాయి లాంటి మెత్తటి రాతిలో నేనైతే పీడీసీకే ఓటేస్తాను. ధర ఎక్కువే, కానీ వేగంగా దిగుతుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. బిట్ మార్చడమంటే మాటలా! వేల మీటర్ల గొట్టాలన్నీ పైకి లాగి, విప్పి, మళ్లీ దించాలి. అంతసేపూ రిగ్గు అద్దె నడుస్తూనే ఉంటుంది. పైగా రోలర్ కోన్‌లో బేరింగ్ అరిగి కోన్ ఊడిపడితే, దాన్ని బయటికి తీసేదాకా టెన్షనే.

అయితే జిగురు బంకమట్టి పీడీసీకి శత్రువు. దమ్ము చేసిన చేలో కాళ్లకు పట్టుకున్నట్టు, బిళ్లలు బిగించిన బ్లేడ్ల మధ్య పట్టేస్తుంది. డ్రిల్లింగ్ మడ్ (గొట్టాల్లోంచి కిందికి పంపే బురద లాంటి ద్రవం) జోరుగా కొట్టి కడగాలి.

ఇంకా కిందికి వెళ్తే రాజోలు బసాల్ట్, అంటే గట్టిపడిన లావా. అక్కడ వజ్రపు బిళ్లల అంచులు పెచ్చులూడే ప్రమాదం ఉంది. టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్ల రోలర్ కోన్ నెమ్మదిగానైనా దాన్ని నలగ్గొట్టి దిగుతుంది.