ప్రహ్లాదుడి నాటకానికి డ్రెస్సులు అద్దెకు తెచ్చుకున్న షాపు

మా పాప చదివే స్కూల్లో ఈసారి వార్షికోత్సవానికి సినిమా పాటల డాన్సులు పక్కన పెట్టి, ప్రహ్లాదుడి కథని గంటన్నర సంగీత నాటకంగా వేయించాం. 42 మంది పిల్లలు, పోతన పద్యాలు, పక్కన హార్మోనియం, తబలా, అంతే, రికార్డింగ్ ట్రాక్ లేదు. టీచర్లు పరీక్షల పనిలో ఉన్నారు కాబట్టి డ్రెస్సులు, తెరలు, సామాను చూసే పని పేరెంట్స్‌మి పదకొండు మందిమి తీసుకున్నాం. అందులో సగం భారం తెనాలిలోని ఒక పాత డ్రామా డ్రెస్సుల షాపు మోసింది. మళ్ళీ వేసినా అక్కడికే వెళ్తాం, కానీ కొన్ని విషయాలు ముందే తెలిసుంటే మాకు చాలా టెన్షన్ తప్పేది, అందుకే వివరంగా రాస్తున్నా.

మొదట మామూలు ఫ్యాన్సీ డ్రెస్ షాపులు రెండు తిరిగాం. అట్టముక్క కిరీటాలు, ఎలాస్టిక్ పెట్టిన శాటిన్ పంచెలు, రాజుకీ భటుడికీ ఒకటే మెరుపు. ఈ తెనాలి షాపులో అడుగుపెట్టగానే షాపాయన (మేం మాస్టారు అనే పిలిచాం) కొలతల కంటే ముందు అడిగిన ప్రశ్న, "వీళ్ళలో పద్యం పాడేదెవరమ్మా?" అని. పాడే పిల్లలకి వడ్డాణం బిగించి కడితే ఊపిరి అందదు, మెడకి అతుక్కునే కంటె పెడితే పై స్థాయిలో గొంతు పట్టేస్తుంది, అందుకని వాళ్ళకి వేలాడే హారాలు వేరే తీసి ఇచ్చారు. నెల రోజులుగా రిహార్సల్స్ చూస్తున్నాం, మాలో ఒక్కరికీ ఈ ఆలోచన రాలేదు.

హిరణ్యకశిపుడు తొమ్మిదో తరగతి అబ్బాయి. పెద్దవాళ్ళ కిరీటం పెడితే కనుబొమల మీదికి జారిపోయింది. మాస్టారు ఒక పాత బనీను చింపి, పొడుగ్గా చుట్టి, కిరీటం లోపల అంచు వెంట సూదీ దారంతో కుట్టారు. మళ్ళీ తలకి పెట్టి, గడ్డం పైకెత్తి పద్యం పాడమన్నారు. రాగం తీసేటప్పుడు తల ఊగింది, కిరీటం కదిలింది. ఇంకో మడత వేసి కుట్టారు. మూడోసారికి నిలిచింది. అప్పటిదాకా గద చేతికివ్వలేదు.

ఇక ఇబ్బందులు. చిన్న క్లాసుల పిల్లలకి సరిపోయే సైజులు అక్కడ దాదాపు లేవు. గురుకులం సీన్లో ప్రహ్లాదుడి వెంట పాడే పద్నాలుగు మందికి అమ్మలే పాత పట్టుచీరలు కత్తిరించి ఉత్తరీయాలు కుట్టారు, నిజానికి స్టేజీ మీద వాటికే ఎక్కువ కళ వచ్చింది. ముందు రోజు వచ్చిన పెట్టెలో మూడు భుజకీర్తులకి కొక్కేలు ఊడిపోయి ఉన్నాయి. మాస్టారికి ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే మార్చి పంపారు, కానీ ఆ రాత్రి మాకు నిద్ర లేదు. డ్రెస్సులు ఇచ్చేటప్పుడు రాసుకున్న లిస్టు కూడా తప్పుల తడకే, మీరే దగ్గరుండి లెక్కపెట్టుకోండి.

మేకప్ మాత్రం నాకు నచ్చలేదు. 42 మందికి ఇద్దరే వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే ముందు వేయించుకున్న పిల్లలకి తెర లేచేసరికే చెమటకి రంగు కారింది. ఒక బాబుకి మీసం అంటించే గమ్ పడక పై పెదవి ఎర్రగా కందింది, కొబ్బరినూనె రాసి మెల్లగా తీశాం. గమ్ రెండు రోజుల ముందే మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూడాల్సింది.

స్తంభం షాపులో దొరకలేదు. వడ్రంగం పని చేసే ఒక నాన్నగారు ప్లైవుడ్‌తో చట్రం కట్టి, ముందు వైపు రెండు తలుపులు పెట్టి, పైన రాయి రంగు వేసిన కాగితం అతికించారు. గద తగలగానే లోపల ఉన్న బాబు తలుపులు తోస్తే కాగితం నిలువునా చీలాలి. మాస్టారు చిన్నప్పటి నుంచి సురభి నాటకాలు చూసిన మనిషి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ నాటకాలకి ఇలాంటి ట్రిక్కులంటేనే పేరు. ఆయన ఫోన్లో వీడియో చూసి, చీలాల్సిన చోట కాగితాన్ని ముందే వెనక నుంచి బ్లేడుతో సన్నగా గీసి ఉంచమన్నారు, వెనక గాలికి కంతలు పెట్టమన్నారు. దీనికి ఒక్క రూపాయి తీసుకోలేదు. నరసింహుడి మాస్కులోంచి గొంతు బయటికి రాదు, ఆ పద్యం సైడ్ వింగ్ లోంచి ముగ్గురు ఆడపిల్లల చేత పాడించమన్నదీ ఆయనే. కాగితం చీలినప్పుడు హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది, మా పాప ఆ ముగ్గురిలో ఒకతి, నాకు కళ్ళు తడిసిపోయాయి.

దర్బారు తెర 20 అడుగులది ఇచ్చారు, మా స్టేజీ 24, రెండు పక్కలా ఖాళీ కనపడింది. స్టేజీ కొలిచి వెళ్ళండి. పెద్ద పాత్రల సెట్టుకి మా దగ్గర 600, చిన్నవాళ్ళకి 250 తీసుకున్నారు, అడ్వాన్సు 5,000. ఒక హారం తెగినందుకు 200 పట్టుకుని మిగతాది అక్కడికక్కడే ఇచ్చేశారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో స్కూళ్ళన్నీ ఒకేసారి పడతాయి కాబట్టి నవంబర్లోనే తేదీ చెప్పి పెట్టుకోవాలి. వెళ్ళేటప్పుడు కొలతల చీటీతో సరిపెట్టకుండా, పాడే పిల్లల్ని వెంట తీసుకెళ్ళండి.