డయనోజెస్ట్ 2 మి.గ్రా. మాత్ర: ఎండోమెట్రియోసిస్ నొప్పికి ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ తేడా వస్తుంది

ఎండోమెట్రియోసిస్ అని తేలాక మన గైనకాలజిస్టులు తరచుగా రాసే మాత్ర డయనోజెస్ట్. మంచి మందు. అయినా మొదలుపెట్టిన రెండు నెలలకే పక్కన పడేసేవాళ్ళు చాలామంది. మొదట్లో ఏం జరుగుతుందో వాళ్ళకు ముందుగా ఎవరూ చెప్పరు, అదే అసలు ఇబ్బంది.

గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం బయట కూడా పెరగడమే ఈ జబ్బు. అండాశయాల మీద, గర్భాశయం వెనక, పేగుల మీద, మూత్రాశయం మీద ఎక్కడైనా రావచ్చు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ కణజాలం ఈస్ట్రోజన్ మీద బతుకుతుంది. డయనోజెస్ట్ ప్రొజెస్టిన్ రకం హార్మోను, అంటే ఒంట్లోని ప్రొజెస్టిరాన్‌లా పనిచేసే మందు. సాధారణంగా అండం విడుదలను ఆపుతుంది, ఈస్ట్రోజన్‌ను ఒక మోస్తరుగా తగ్గిస్తుంది, దాంతో ఆ కణజాలం క్రమంగా కుంచించుకుపోతుంది. ఇదే జబ్బుకు ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌తో 24 వారాలు పోల్చి చూసినప్పుడు నొప్పి రెండింటితోనూ ఇంచుమించు ఒకేలా తగ్గింది. ఒంట్లో సెగలు పుట్టడం మాత్రం డయనోజెస్ట్‌తో తక్కువ. ఇంజెక్షన్ కంటే ముందు ఈ మాత్రనే ప్రయత్నించడం మాకు సబబు అనిపిస్తుంది.

వాడే పద్ధతి తేలికే. రోజుకు ఒకటి, ఒకే వేళకు, అన్నం తిన్నా తినకపోయినా ఫర్వాలేదు. నెలసరిలో ఏ రోజునైనా మొదలుపెట్టవచ్చు. గర్భనిరోధక మాత్రల్లా 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపడం ఇందులో లేదు. ఒక స్ట్రిప్ అయిపోయిన మర్నాడే కొత్తది మొదలవ్వాలి, రక్తం కనిపిస్తున్నా సరే. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఒక్కటే వేసుకుని, మర్నాటి నుంచి మామూలు వేళకు రావాలి. రెండు కలిపి మింగకూడదు. వేసుకున్న 3, 4 గంటల లోపు వాంతి అయినా, విరేచనాలు ఎక్కువైనా మందు ఒంటికి పట్టకపోవచ్చు, అప్పుడు ఇంకొకటి వేసుకోవాలి.

ఇక అందరినీ బెదరగొట్టే విషయం, రక్తస్రావం. మొదటి మూడు నెలలు ఎప్పుడు ఏ మరక కనిపిస్తుందో చెప్పలేం. గోధుమరంగు చుక్కలు వారాల తరబడి సాగవచ్చు, రెండు వారాలు ఆగి మళ్ళీ రావచ్చు. మందు వల్ల గర్భాశయం లోపలి పొర పలచబడుతుంది, అందులోని సన్నని రక్తనాళాలు ఊరికే చిట్లుతుంటాయి, అందుకే ఈ చుక్కలు. వేళ తప్పినా, మాత్రలు మరిచిపోయినా ఇవి పెరుగుతాయి. వాడుతూ ఉంటే నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి, కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిన రక్తం లోపల పేరుకుపోతుందని పెద్దవాళ్ళు భయపెడతారు. పొరే పెరగనప్పుడు పేరుకోవడానికి ఏమీ ఉండదు. అయితే ఎడినోమయోసిస్ (ఆ పొర గర్భాశయం కండరంలోకే పెరగడం) గానీ ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో గడ్డలు) గానీ ఉన్నవాళ్ళకు రక్తస్రావం తీవ్రమై రక్తహీనత రావచ్చు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా ఓర్చుకుని కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

తలనొప్పి, రొమ్ముల్లో సలపరం, మొటిమలు, బరువు పెరగడం కొందరికి ఉంటాయి. మీరు ఎక్కువగా గమనించుకోవాల్సింది మనసు సంగతి. దిగులు కమ్మేస్తుంటే, ముందు డిప్రెషన్ ఉండి అది తిరగబెడుతుంటే అది మందు ప్రభావం కావచ్చు, డాక్టర్‌తో దాచకూడదు. చిన్న వయసు అమ్మాయిల్లో ఎముకల సంగతీ చూడాలి. 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ మీద 52 వారాలు సాగిన పరిశీలనలో నడుం ఎముకల సాంద్రత సగటున 1.2 శాతం తగ్గింది.

మెడికల్ షాపులో ఒక పొరపాటు జరిగే వీలుంది. డయనోజెస్ట్‌కి ఈస్ట్రోజన్ కలిపిన గర్భనిరోధక మాత్రలు కూడా ఉన్నాయి. స్ట్రిప్ వెనక రేకు మీద డయనోజెస్ట్ 2 మి.గ్రా. అని ఒక్కటే ఉండాలి. పక్కన ఇథినైల్ ఈస్ట్రడయాల్ గానీ ఈస్ట్రడయాల్ వాలరేట్ గానీ కనిపిస్తే అది వేరే మందు, తిరిగి ఇచ్చేయండి. స్ట్రిప్‌లో ఎన్ని మాత్రలుంటాయో కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ధర మాత్ర లెక్కన చూసుకోవాలి, నెలల తరబడి కొనాల్సిన మందు ఇది. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ దీని బలాన్ని తగ్గిస్తాయి. కాళ్ళలో రక్తం గడ్డలు, గుండె జబ్బు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు.

గర్భం రాకుండా ఈ మాత్రను నమ్ముకోకూడదు. కండోమ్ లాంటి హార్మోను లేని పద్ధతి వాడాలి. త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్ళకు ఇది తగదు, సంతానం అవకాశాలను పెంచదు. చాక్లెట్ సిస్ట్ (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) కొంత చిన్నదవ్వచ్చు గానీ మాయమవుతుందని ఆశపడొద్దు. లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన చోట్ల మాత్ర వాటిని విడదీయలేదు. ఆపేశాక రెండు నెలల్లోపు నెలసరి తిరిగి వస్తుంది, నొప్పి కూడా తిరగబెట్టవచ్చు.

కాబట్టి మందుతోపాటు మంచి డాక్టర్ కూడా కావాలి. మోషన్‌కి వెళ్ళేటప్పుడు నొప్పి ఉందా, కలయికలో నొప్పి ఉందా అని తానే అడిగేవారిని ఎంచుకోండి. మామూలు స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేదని అర్థం కాదు. లాపరోస్కోపీ (పొట్టలోకి చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి చూసే ఆపరేషన్) చేస్తేనే నిర్ధారణ అనే నియమాన్ని యూరప్ నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో సడలించింది, లక్షణాలను బట్టి ముందే మందు మొదలుపెట్టవచ్చు. సీఏ 125 రక్తపరీక్ష మీద ఆధారపడి నిర్ధారించొద్దనీ అదే చెబుతోంది. పెళ్ళయితే తగ్గుతుంది, కాన్పయితే సర్దుకుంటుంది అని పంపేసే డాక్టర్ దగ్గర రెండోసారి ఫీజు కట్టొద్దు. రోజూ నొప్పికి 10కి ఎంతో, ప్యాడ్లు ఎన్నో, మాత్ర వేసుకున్న వేళ ఏమిటో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మూడో నెలలో ఆ క్యాలెండరే డాక్టర్‌కి ఎక్కువ చెబుతుంది. కటి కండరాలు బిగుసుకుపోయి ఉంటే నొప్పి మాత్రతో పూర్తిగా పోదు, అందులో అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్ట్ అవసరం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. డయనోజెస్ట్ ఒక్కటే ఉన్న మాత్ర అక్కడ అమ్మరు. అక్కడ నోరెథిన్‌డ్రోన్ అసిటేట్, 2018లో అనుమతి పొందిన ఎలగోలిక్స్ లాంటివి రాస్తారు. ఇక్కడి నుంచి తెప్పించుకుని వాడుతుంటే అక్కడి డాక్టర్‌కి ఆ పేరు, మోతాదు తప్పక చెప్పండి. లేకపోతే రక్తస్రావానికి వేరే కారణాలు వెతుకుతూ అక్కర్లేని పరీక్షలు చేయించే ప్రమాదం ఉంది.