రాయగడలో బల్ల గుడ్డల కొట్టు: కుట్టు సరే, గుర్తులు మీరే చూసుకోండి

రాయగడ బజారులో చర్చి సామాను అమ్మే కొట్టు ఒకటుంది. ముందు కొవ్వొత్తులు, ఇత్తడి సిలువలు, కానుకల సంచులు పెడతారు. వెనక గదిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను. గుణుపురం, మునిగుడ వైపు నుంచే కాదు, సరిహద్దు దాటి పార్వతీపురం నుంచి కూడా సంఘాలవాళ్లు బల్ల గుడ్డలకీ (ప్రభురాత్రి భోజనపు బల్లమీద పరిచేవి), ప్రసంగ వేదిక మీది పుల్పిట్ గుడ్డలకీ, పాస్టరు మెడలో వేసుకునే పొడవాటి పట్టీలైన స్టోల్సుకీ ఇక్కడికే వస్తారు. కుట్టుకి వంక పెట్టలేం. అంచులు తిన్నగా ఉంటాయి, దారం నాణ్యమైనది, లైనింగు జారదు. చిక్కంతా వాళ్ల ఆల్బంలోని గుర్తులతోనే.

సిలువ నుంచే మొదలెడదాం. పొడవు సిలువకు ఆరు సమ చదరాల లెక్క పాతది, ఇప్పటికీ తిరుగులేనిది: నిలువు నాలుగు చదరాలు, అడ్డం మూడు, అడ్డకమ్మి పై నుంచి రెండో చదరంలో. ఆల్బంలో ఉన్నదానికి పైచెయ్యి మరీ పొట్టి, దూరం నుంచి టీ అక్షరంలా కనిపిస్తుంది. నాలుగు చేతులూ సమానంగా ఉన్న నమూనా కూడా ఉంది. అది గ్రీకు సిలువ, తప్పేమీ లేదు. కానీ తెల్ల గుడ్డమీద ఎర్రదారంతో వద్దు. అది రెడ్‌క్రాస్ గుర్తవుతుంది, దాని వాడకం మీద మన దేశంలో 1960 నుంచి చట్టమే ఉంది.

అక్షరాల గుర్తుల్లో ఎక్కువ అమ్ముడయ్యేది ఖీ-రో. ఎక్స్‌లా ఉండే ఖీ, పీలా ఉండే రో, గ్రీకులో క్రీస్తు అనే మాటకు మొదటి రెండక్షరాలు. రో గుండ్రం కుడివైపు ఉండాలి. స్టోల్ రెండు కొసలకీ జత కుదరాలని ఆపరేటరు ఒక కొసకు ఫైలు తిప్పేస్తాడు. పువ్వుకీ లతకీ అది అందమే, అక్షరం మాత్రం తిరగబడిపోతుంది. గ్రీకు మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా-ఓమెగా దగ్గర ఇంకో మెలిక. బైబిల్లో ప్రకటన 22:13 ప్రకారం క్రీస్తు మొదటివాడు, కడపటివాడు కాబట్టి చూసేవాళ్లకు ఎడమవైపు ఆల్ఫా రావాలి, అంటే వేసుకున్న పాస్టరుగారి కుడి కొస మీద. టైలరు తన మెడలో వేసుకుని తన ఎడమవైపు ఆల్ఫా అని గుర్తు పెడితే తారుమారవుతుంది. ఆర్డరు చీటీలో "పాస్టరు కుడి" అని స్పష్టంగా రాయించండి.

ఇక లూథర్ గులాబీ, అంటే సంస్కర్త మార్టిన్ లూథర్ గుర్తు. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన మిషనరీల పని వల్ల జయపురం, కోరాపుట్, సాలూరు చుట్టుపక్కల లూథరన్ సంఘాలు ఏర్పడ్డాయి. కాబట్టి ఈ గుర్తుకి ఇక్కడ గిరాకీ ఎక్కువ. కొట్టువాళ్లు ఘోరంగా చెడగొట్టేదీ దీన్నే. 1530 జులై 8న రాసిన ఉత్తరంలో లూథర్ ఒక్కొక్క రంగుకీ కారణం చెప్పాడు. మధ్యలో నల్లని సిలువ, అది శ్రమ. దాని చుట్టూ సహజమైన ఎర్రరంగులోనే హృదయం, ఎందుకంటే సిలువ దాన్ని చంపదు, బతికిస్తుంది. హృదయం తెల్ల గులాబీలో ఉంటుంది: విశ్వాసం ఇచ్చే సంతోషం, ఆదరణ, సమాధానం. వెనక ఆకాశ నీలం రాబోయే పరలోక ఆనందానికి, చుట్టూ బంగారు వలయం దానికి అంతం లేదనడానికి. కొట్టు ఆల్బంలో సిలువ జరీతో మెరుస్తోంది, గులాబీ కదా అని రేకులకు గులాబీ రంగే వేశారు, దాంతో ఎర్ర హృదయం అందులో కలిసిపోయింది. లూథర్ చెప్పిన అర్థంలో సగం పోయినట్టే.

కుట్టే పద్ధతి కూడా మార్చమనండి. గులాబీ వెనకున్న నీలమంతా దారంతో నింపితే దారాల బిగువుకి శాటిన్ లోపలికి లాక్కుని చుట్టూ ముడతలు పడతాయి, ఇస్త్రీతో పోవు. నీలం బట్టముక్క కత్తిరించి అతికించి, అంచుకే దట్టమైన కుట్టు వేయించండి. గుడ్డ సాగకుండా వెనక వేసే నాన్‌వోవెన్ పేపరు రెండు పొరలు ఉండాలి. నల్ల సిలువ ఆఖర్న కుట్టాలి. మజూరీ వెయ్యి కుట్లకు ఇంత అని లెక్కేస్తారు కాబట్టి ఇలా చేయిస్తే ఖర్చూ తగ్గుతుంది.

తెలుగు వాక్యం రాయించాలంటే మరింత జాగ్రత్త. ఆపరేటర్లు ఒడియావాళ్లు, పనిమంతులే కానీ తెలుగు చదవరు. ఫాంటు కుదరక "పరిశుద్ధుడు"లో ధ వత్తు ఎగిరిపోయినా వాళ్ల కంటికి ఆనదు. అక్షరాలను అవుట్‌లైన్ బొమ్మగా మార్చిన ఫైలు, అసలు సైజు ప్రింటు రెండూ పట్టుకెళ్లండి. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గితే గుడులు పూడుకుపోతాయి.

చర్చి ఏడాదిలోని కాలాలకు తగ్గట్టు మార్చే నాలుగు రంగుల గుడ్డల సెట్టు అంటగట్టడం వాళ్లకు అలవాటు. పర్లాకిమిడి వైపు బాప్తిస్టు సంఘాలు చాలావాటికి తెల్లది ఒకటి చాలు. కాలాలు పాటించే సంఘానికి డబ్బు తక్కువైతే ముందు ఆకుపచ్చ, తెలుపు, తర్వాత ఆగమన కాలానికీ శ్రమల కాలానికీ పనికొచ్చే ఊదా. పెంతెకోస్తు ఎరుపు ఏడాదికి ఏ కొద్ది రోజులో వాడతారు, చివరికి పెట్టుకోండి. ఎర్రదారం తీసుకునేముందు తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. రంగంటితే మొదటి ఉతుకుకే బల్ల గుడ్డ పాడు.

ముందు గదిలో సామాను పర్వాలేదు. ఇత్తడి సిలువలకు లక్క పూత ఉంది, చింతపండుతో తోమితే మచ్చలు మచ్చలుగా లేస్తుంది. పాస్కా (ఈస్టరు) కొవ్వొత్తి మీద సిలువ, ఆల్ఫా-ఓమెగా, ఐదు గాయాలకు ఐదు ధూపపు గింజలు, సిలువ నాలుగు మూలల్లో ఆ ఏటి అంకెలు ఉండాలి. ఆఖరి అంకె స్టిక్కరు కొత్తగా అతికించి ఉంటే అది నిరుటి సరుకు.

కొలతల విషయానికొస్తే, గుర్తు మొత్తం గుడ్డ మధ్యలో కాదు, ముందుకు వేలాడే భాగం మధ్యలో రావాలి, అంచు మడత పోను కొలవాలి. వేలాడేది 24 అంగుళాలైతే 9 లేదా 10 అంగుళాల గుర్తు వెనక బెంచీకి కనిపిస్తుంది. డిసెంబరులో, ఈస్టరు ముందు వెళ్తే ఆల్బంలో ఉన్నదే కుట్టిస్తామంటారు, మీ బొమ్మ తీసుకోరు. వర్షాకాలంలో ఇస్తే నమూనా ముక్క కుట్టి చూపించాకే అసలు గుడ్డ బిగిస్తారు.