బ్రిస్టల్ పాటకి నూరు మార్కులు, మోటెల్‌కి సున్నా

కంట్రీ మ్యూజిక్, అంటే అమెరికా పల్లెల జానపదంలోంచి వచ్చిన పాట, దాని మీద కాస్త మోజున్న ప్రతివాళ్ళూ నాష్‌విల్‌కే పరిగెత్తుతారు. మా ఆయన ఓటు కూడా దానికే. నేను మాత్రం టెన్నెసీ, వర్జీనియా సరిహద్దు మీదున్న బ్రిస్టల్ అని భీష్మించుకు కూర్చున్నాను, ఎందుకంటే 1927లో అసలు కథ నడిచింది అక్కడ. ఆ ఏడాది జులై 25 నుంచి ఆగస్టు 5 దాకా విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పియర్ అనే ఆయన ఆ కొండల ఊళ్ళో టోపీల కంపెనీ భవనంలో మకాం పెట్టి, 19 బృందాల చేత 76 పాటలు పాడించి పట్టుకుపోయాడు. తర్వాత ఈ పాటకి పెద్ద పేర్లయిన కార్టర్ ఫ్యామిలీ (ఎ.పి. కార్టర్, భార్య శారా, మరదలు మేబెల్), జిమ్మీ రాడ్జర్స్ ఆ రెండు వారాల్లోనే దొరికారు. అదే డిసెంబరులో నాష్‌విల్ రేడియో కార్యక్రమానికి గ్రాండ్ ఓల్ ఆప్రీ అన్న పేరు కూడా పడింది కాబట్టి మా ఆయన వాదన పూర్తిగా కొట్టిపారేయలేను, కానీ కారు నడిపేది నేను.

షార్లెట్ నుంచి బూన్ మీదుగా 421 రోడ్డు పట్టుకున్నాం. మౌంటెన్ సిటీ దాటాక ఆ దారిలో 489 మలుపులున్నాయని గొప్పగా చెప్పుకుంటారు, బైకుల వాళ్ళు పని గట్టుకుని వస్తారు. మా ఆయన నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాష్‌విల్‌కి ఇన్ని వంకర్లు లేవని రెండుసార్లు గుర్తు చేశారు. వెనక సీట్లో నాన్న మాత్రం హాయిగా నిద్రపోయారు. తెనాలి నుంచి వచ్చి నెల దాటింది, ఇంట్లో కూర్చుని విసిగిపోయి ఉన్నారు, ఎక్కడికన్నా సరే అన్నారు. కడుపులో తిప్పే వాళ్ళుంటే 77, 81 హైవేల మీదే వెళ్ళండి, కాస్త చుట్టయినా సరే.

బ్రిస్టల్‌లో స్టేట్ స్ట్రీట్ ఒక పక్క టెన్నెసీ, ఇంకో పక్క వర్జీనియా. రోడ్డు మధ్యలో ఇత్తడి గుర్తులుంటాయి, అందరూ రెండు కాళ్ళూ చెరో రాష్ట్రంలో పెట్టి ఫోటో దిగుతారు, మేమూ దిగాం. పాటలు రికార్డు చేసిన భవనం ఇప్పుడు లేదు. ఆ చోటు చూడాలని వెళ్తే కార్లు ఆపుకునే స్థలం, ఒక గుర్తు ఫలకం, అంతే. దాని కోసమే వెళ్ళి ఉసూరుమనకండి, నేరుగా మ్యూజియానికి వెళ్ళండి. 2014లో తెరిచారు, వర్జీనియా వైపు ఉంది, టికెట్ మనిషికి పదమూడు పద్నాలుగు డాలర్లు పడింది. గంటలో అయిపోతుందనుకున్న మా ఆయన మూడు గంటల తర్వాత కూడా హెడ్‌ఫోన్స్ తియ్యలేదు. అప్పటికి నిమ్మకాయ ఎక్కడ పెట్టారో ఆయనకే తెలీదు.

అక్కడ నాకు బాగా నచ్చింది యంత్రం సంగతి. 1925కి ముందు గాయకులు పెద్ద గొట్టంలోకి అరవాల్సిందే. పియర్ తెచ్చింది కరెంటు మైకు, అందుకే వంటింట్లో కూనిరాగం తీసినంత మెత్తగా పాడినా రికార్డులోకి ఎక్కింది. గోడలకి దుప్పట్లు కట్టారు. పాట గీతలుగా పడే మైనం పళ్ళెం తిరగడానికి మోటారు కాదు, పైనుంచి బరువు మెల్లగా కిందికి దిగుతుంటే ఆ లాగుడుకి పళ్ళెం ఒకే వేగంతో తిరిగేది. కరెంటు మోటారు వేగం కాస్త అటూఇటూ అయినా పాట శ్రుతి పోతుంది కదా, అది తప్పించుకునే ఏర్పాటు. నాన్న దీని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఆయన కుర్రతనంలో నాటకాల వాళ్ళకి హార్మోనియం వాయించారు. రికార్డు మీద కుక్కబొమ్మ చూసి, ఇది మన ఇంట్లో ఉండేదే, పద్యాల ప్లేట్ల మీద కుక్క, అన్నారు. నిజమే, హిజ్ మాస్టర్స్ వాయిస్ కుక్క, విక్టర్ కుక్క ఒకటే.

డబ్బు లెక్క కూడా బాగా చెప్పారు. పాటకి 50 డాలర్లు, అమ్ముడైన ప్రతి రికార్డుకీ రెండున్నర సెంట్లు. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే అతను అంతకుముందు ఏడాది రికార్డుల మీద 3,600 డాలర్లు సంపాదించాడని ఊరి పేపర్లో పడేసరికి, అప్పటిదాకా పల్చగా వచ్చిన జనం కొండల్లోంచి దిగి వచ్చేశారు. కార్టర్ వాళ్ళు ఆరు పాటలు పాడారు, అంటే 300 డాలర్లు, పండ్ల మొక్కలు అమ్ముకు తిరిగే ఎ.పి. కార్టర్‌కి అది మామూలు డబ్బు కాదు. పియర్ మాత్రం విక్టర్ దగ్గర జీతం తీసుకోకుండా పాటల హక్కులు తన దగ్గర ఉంచుకున్నాడు. నాన్న ఇది విని, ఇతను పాట కొనలేదమ్మా, పాట పుట్టే కొమ్మ కొన్నాడు, అన్నారు.

కొన్ని విషయాలు చదివాక మనసు చివుక్కుమంటుంది. పద్దెనిమిదేళ్ళ మేబెల్ ఎనిమిదో నెల కడుపుతో గిటార్ పట్టుకుని, శారా చంటిపిల్లాణ్ణి వెంటేసుకుని, పాతిక మైళ్ళు ప్రయాణించి, మధ్యలో ఏరు దాటి, టైర్లు పంక్చర్లవుతుంటే ఆగుతూ వచ్చారు. రెండో రోజు పొద్దున ఎ.పి. రాలేదు, ఆడవాళ్ళిద్దరే పాడారు. పెళ్ళయిన ఆడదాని పాట్ల మీద ఒక పాట పాడమంటే శారాకి అస్సలు ఇష్టం లేదట, తీరా అదే బాగా అమ్ముడుపోయింది. ఎ.పి. వెంట పాటలు ఏరుకుంటూ తిరిగిన నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్ పేరు మాత్రం చాలామందికి తెలీదు. ఎ.పి. మాటలు రాసుకుంటే అతను వరస గుర్తుపెట్టుకునేవాడు, మేబెల్ అతని దగ్గర నేర్చుకుంది కూడా. ఇక కంట్రీ మ్యూజిక్ పుట్టిల్లు ఇదే అని బోర్డులు పెట్టుకున్నారు గానీ, 1923లోనే అట్లాంటాలో ఫిడ్లిన్ జాన్ కార్సన్‌ని రికార్డు చేసింది కూడా ఈ పియర్ హయాంలోనే. పుట్టిల్లు అనను, పెళ్ళి చేసి పంపిన ఇల్లు అంటాను.

ఇప్పుడు మోటెల్. ఊరికి పది నిమిషాల్లో, హైవే పక్కన. ఆన్‌లైన్‌లో పన్నులతో 92 డాలర్లు, రెండు పడకలు, పొగ తాగని గది. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే రెండు పడకలవి అయిపోయాయన్నాడు. ఒక్క మంచం గది, నాన్నకి మడత మంచం కావాలంటే ఇంకో 25. కన్ఫర్మేషన్ చూపిస్తే అది వెబ్‌సైటు వాళ్ళని అడగండి అంటాడు, వాళ్ళకి ఫోన్ చేస్తే హోటల్‌ని అడగండి అంటారు. మా ఆయనకి అసలే ఆకలి, గొడవెందుకు కట్టెయ్ అన్నారు. బిల్లులో సేఫ్ ఫీజు అని 3 డాలర్ల 50 సెంట్లు ఉంది. గదిలోకి వెళ్ళి చూస్తే ఆ సేఫ్‌కి తలుపు ఉంది, తాళం చెవి లేదు, లోపల ఎవరిదో సగం తాగిన సోడా సీసా. కర్టెన్ కదిపితే సిగరెట్ కంపు, కార్పెట్‌లో మూడు చోట్ల నిప్పు మచ్చలు, ఏసీ కింద తడిసిన తువ్వాలు వాళ్ళే పరిచి ఉంచారు. మర్యాద తెలిసిన వాళ్ళే! అన్నీ ఫోటోలు తీశాను. నాన్న మడత మంచం మీద పడుకుని, సర్కారు సత్రంలో కూడా దుప్పటి ఇంతకన్నా తెల్లగా ఉంటుంది అన్నారు. పొద్దున ఉచిత టిఫిన్ అంటే ప్లాస్టిక్ కవర్లో మఫిన్, అది కూడా మనిషికి ఒకటే అని కాగితం అంటించి మరీ.

ఒళ్ళు మండింది దీనికి కాదు. ఇంటికొచ్చాక సోమవారం కార్డు మీద ఇంకో 75 డాలర్లు పడ్డాయి. ఫోన్ చేస్తే, గదిలో తిండి వాసన వచ్చింది, శుభ్రం చేసినందుకు, అన్నారు. ఆ సిగరెట్ కంపులో మా పులిహోర వాసన వీళ్ళ ముక్కుకి ఎలా తగిలిందో మరి. 92, 25, మూడున్నర, 75 కలిపితే 195 డాలర్ల 50 సెంట్లు, అదే డబ్బుకి ఇంకాస్త దూరంలో ఆబింగ్‌డన్‌లో మంచి గది దొరుకుతుంది. ఫోటోలు, కన్ఫర్మేషన్ పెట్టి బ్యాంకులో ఫిర్యాదు చేశాను.

శనివారం రాత్రి హిల్టన్స్ అనే పల్లెలో పాట కచేరీ లేకపోయుంటే ఈ ట్రిప్ పేరెత్తితేనే ఇంట్లో గొడవయ్యేది. కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అని, పూర్ వ్యాలీలో కొండ పక్కన చెక్క షెడ్డు. అమ్మానాన్నల జ్ఞాపకంగా ఎ.పి., శారాల కూతురు జానెట్ 1974లో ఈ శనివారం కచేరీలు మొదలుపెట్టింది. పాట ఏడున్నరకి మొదలు. బ్రిస్టల్ నుంచి మాకు నలభై నిమిషాలు పట్టింది, చివర్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే దించుకోండి. మేం వెళ్ళినప్పుడు టికెట్ పది డాలర్లు, నగదు పట్టుకెళ్ళడం మంచిది. మందు లేదు, కరెంటు గిటార్ ఒప్పుకోరు. ఒక్క జానీ క్యాష్‌కి మాత్రం ఒప్పుకున్నారు, మేబెల్ అల్లుడు కదా. భార్య జూన్ పోయిన రెండు నెలలకి, 2003 జులై 5న, ఆయన ఆఖరిసారి పాడింది ఇక్కడే. శాకాహారులకి తినడానికి పెద్దగా ఏమీ ఉండదు, కౌంటర్లో హాట్‌డాగులు, చిప్స్, కేకు ముక్కలు. పులిహోర డబ్బా కార్లో ఉంది కాబట్టి సరిపోయింది.

ఫిడేలు, బాంజో అందుకోగానే జనం వేదిక ముందుకి దిగిపోయారు. బూట్ల కింద ఇనప రేకులు, చెక్క అదిరిపోతోంది. ఎనభై ఏళ్ళ ముసలాయన నడుం పైన కదలకుండా, చేతులు వేలాడేసి, మడమలతోనే తాళం నడిపిస్తున్నాడు, పక్కన ఆరేళ్ళ పిల్ల ఆయన కాళ్ళే చూసి నేర్చుకుంటోంది. నాన్న తొడ మీద తాళం వేస్తూ, గిటార్ అమ్మాయిని చూపించి, బొటనవేలు పాట పాడుతోంది, మిగతా వేళ్ళు తాళం వేస్తున్నాయి, చూశావా, అన్నారు. మేబెల్ పద్ధతి అదే, మ్యూజియంలో చదివి నేను చెప్పబోయేలోగా ఆయనే పట్టేశారు. విరామంలో పక్క సీటు పెద్దావిడ నాన్నకి తన కేకు ముక్క ఇచ్చి, మీ ఊళ్ళో ఎలా ఆడతారు అని అడిగింది. ఆయన తన తెనాలి ఇంగ్లిషులో పద్యనాటకం గురించి చెప్పడం మొదలుపెట్టారు. పాట మళ్ళీ మొదలైనా ఆపలేదు, మా ఆయన మోచేత్తో పొడవాల్సి వచ్చింది.

బ్యాంకు 75 డాలర్లూ వెనక్కి వేసింది, సేఫ్ ఫీజు మాత్రం ఇవ్వలేదు. నాష్‌విల్ ట్రిప్ సంక్రాంతి తర్వాత, టికెట్లు మా ఆయనే చూస్తారట, గది మాత్రం నేనే చూస్తానని చెప్పాను.