హన్మకొండలో మోకాలికి ఎంఆర్ఐ: మెషిన్‌కి మార్కులు వేశా, రిపోర్టుకి కోశా

సెంటర్ పేరు రాయను. తప్పు చేశారు, అడిగితే దిద్దారు కూడా, ఇక పేరు పెట్టి రచ్చ చేయడం ఎందుకు. హాస్పిటళ్లు వరసగా ఉండే రోడ్ల మీద ఇలాంటి స్కానింగ్ సెంటర్లు హన్మకొండలో బోలెడు, ఎందులోకి వెళ్లినా మీకు ఎదురయ్యేది ఇంచుమించు ఇదే, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మా బావమరిది కబడ్డీ ఆడతాడు. పరకాల పక్క ఊళ్లో టోర్నమెంట్. రైడ్‌కి వెళ్లి గీత వైపు గిర్రున తిరిగాడు, పాదం మట్టిలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. టక్‌మని చప్పుడైతే లైన్ బయట కూర్చున్నోళ్లకి కూడా వినబడిందట. రాత్రికల్లా మోకాలు కొబ్బరిబోండం అంత అయింది. "ఏం కాదు తియ్ బావా, బెణికింది" అన్నాడు. మా అత్త పసరు కట్టు కట్టించింది. పది రోజులకి వాపు తగ్గింది, మామూలుగా నడుస్తున్నాడు, అందరూ చూశావా కట్టు మహిమ అన్నారు. కానీ మెట్లు దిగుతుంటే మోకాలు పక్కకి జారిపోతున్నట్టుందని వాడు మెల్లగా నా చెవిలో వేశాడు, అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్. పరకాలలో డాక్టర్‌కి చూపిస్తే 300 రూపాయల ఎక్స్‌రే తీయించి, ఎముక విరగలేదు, లోపల లిగమెంట్ (ఎముకకీ ఎముకకీ కట్టి ఉంచే నార పట్టీ) సంగతి తేలాలంటే ఎంఆర్ఐ తీయించండి అని చీటీ రాశారు.

ఇక సెంటర్ సంగతి. సాయంత్రం ఏడింటికి రమ్మన్నారు, పిలిచింది తొమ్మిదిన్నరకి. బిల్లు 5,500. వెయిటింగ్ హాల్లో కుర్చీలు బాగానే ఉన్నాయి, బాత్రూమ్ శుభ్రంగా ఉంది, పార్కింగ్ మాత్రం అడగొద్దు. టెక్నీషియన్ కుర్రాడు మంచోడు, ఓపిక ఉన్నోడు. ఫోను, తాళాలు, బెల్టు తీయించాక మా బావమరిది వెండి మొలతాడు, దండకి తాయెత్తు చూసి అవి కూడా తీయాలన్నాడు. మా అత్త గుమ్మం దగ్గర అడ్డం తిరిగింది, తాయెత్తు తీస్తే ఎట్లా అని. ఆ కుర్రాడు విసుక్కోకుండా, "అమ్మా, లోపలున్నది పెద్ద అయస్కాంతం, దాంట్ల ఏ రేకు ఉందో నాకు తెల్వదు, అది లాగిందంటే నేనేం చేయలేను" అని చెప్పి ఒప్పించాడు. నిజమే మరి. అది 1.5 టెస్లా మెషిన్, అంటే భూమికి ఉండే అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. పైగా దాని తీగ చుట్టలు ద్రవ హీలియంలో బాగా చల్లబడి ఉంటాయి, వాటిలో కరెంటు అడ్డు లేకుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బయట కరెంటు పోయినంత మాత్రాన అయస్కాంతం ఆగదు, స్కాన్ మాత్రమే ఆగుతుంది. (ఆ రాత్రి కరెంటు పోయింది కూడా. జనరేటర్ ఎక్కాక ఒక వరస మళ్లీ మొదటి నుంచి తీశారు.)

కాళ్లు ముందు పెట్టి పంపుతారు, తల బయటికే ఉంటుంది, కాబట్టి ఇరుకంటే భయమున్నోళ్లు మోకాలి స్కాన్‌కి వణకాల్సిన పని లేదు. చప్పుడు మాత్రం పక్క చేలో బోరు వేస్తున్నట్టే. లోపలి కాయిల్స్‌లో కరెంటు క్షణక్షణం మారుతుంటే ఆ బలమైన అయస్కాంత క్షేత్రంలో అవి అదిరిపోతాయి, ఆ మోతే మనకి వినబడేది. చెవులకి హెడ్‌ఫోన్ ఇవ్వాలి, వీళ్లు రెండు దూది ఉండలు ఇచ్చారు. 5,500 తీసుకుని దూది ఉండలా! ఏసీ చలికి ఒక దుప్పటి అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది, చలికి కాలు వణికితే బొమ్మ చెడుతుందని వాళ్లకి తెలియదా.

ఇంతవరకు సర్దుకుపోవచ్చు. అసలు కథ మర్నాడు చేతికొచ్చిన రిపోర్టుతో.

పైన హెడ్డింగులో కుడి మోకాలు అని ఉంది, కింద నాలుగో లైనులో ఎడమ మోకాలు అని ఉంది. పాత రిపోర్టు మీద కొత్తది కొట్టారన్నమాట. ఏసీఎల్ (మోకాలి మధ్యలో తొడ ఎముకని కింది ఎముకకి కట్టి ఉంచే లిగమెంట్) పాక్షికంగా చిరిగింది అని రాశారు. దెబ్బ ఎలా తగిలిందో, ఎప్పుడు తగిలిందో కౌంటర్‌లో ఎవరూ అడగలేదు. పాత ఎక్స్‌రే తెచ్చారా అనీ అడగలేదు. మేము కూడా, ఎముక విరగలేదన్నారు కదా ఇంకా దాంతో పనేంటని దాన్ని ఇంట్లో టీవీ వెనక పడేసి వచ్చాం.

హన్మకొండలోనే ఒక ఆర్థోపెడిక్ సర్జన్‌కి చూపించాం. ఆయన రిపోర్టు పక్కన పెట్టి ముందు కాలు పట్టుకున్నారు. మోకాలు కాస్త వంచి, ఒక చేత్తో తొడ బిగించి, ఇంకో చేత్తో పిక్క పట్టి ముందుకి లాగారు. మంచి కాలు కొంచెం కదిలి గట్టిగా ఆగింది. దెబ్బ తగిలిన కాలు గడియ ఊడిన తలుపులా వచ్చేసింది, పక్కనున్న నాకే కనబడింది. దాన్ని లాక్‌మన్ టెస్ట్ అంటారట. "ఇది సగం తెగినట్టు లేదు" అని, ఎక్స్‌రే ఏదన్నారు. ఇంటికి పరుగెత్తి తెచ్చా.

లైట్ బాక్స్ మీద పెట్టి పెన్ను కొనతో చూపించారు. కింది ఎముక పైభాగంలో, బయటి అంచుకి ఆనుకుని, నిలువుగా ఒక సన్నటి చెక్క. వడ్ల గింజంత. నేనైతే ఫిల్మ్ మీద గీత అనుకునేవాణ్ణి. అది సెగాండ్ ఫ్రాక్చర్ అట, ఇది కనబడిందంటే చాలావరకు ఏసీఎల్ తెగిపోయి ఉంటుందట. ఎంఆర్ఐలో ఇంత చిన్న ఎముక ముక్క తేలిగ్గా తప్పించుకుంటుంది, ఎక్స్‌రేలోనే బాగా దొరుకుతుంది అన్నారు. అంటే 5,500 స్కాన్‌లో రాయనిది 300 ఎక్స్‌రేలో ఉంది.

ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా పట్టుకున్న ముక్క ఇది. పాల్ సెగాండ్ అనే ఫ్రెంచ్ సర్జన్ ఈ దెబ్బ గురించి రాసింది 1879లో. రోంట్‌గెన్ ఎక్స్‌రే కనిపెట్టింది 1895లో. అంటే తీసి చూడ్డానికి ఎక్స్‌రే పుట్టక 16 ఏళ్ల ముందే, చనిపోయినవాళ్ల మోకాళ్లు వంచి, లోపలికి మెలితిప్పి, ఎక్కడ ఏది ఊడుతుందో ఆయన కళ్లారా చూశాడు. ముత్యంలా మెరిసే ఒక నార లాంటి పట్టీ ఆ చోట ఎముకని లాగుతోందని కూడా రాసి పెట్టాడు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2013లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 41 మోకాళ్లు జాగ్రత్తగా కోసి చూస్తే 40 మోకాళ్లలో ఆ లిగమెంట్ కనబడింది, పేపర్లన్నీ కొత్త లిగమెంట్ దొరికిందని రాశాయి. అది విడి లిగమెంటా లేక కీలు చుట్టూ ఉండే పొర అక్కడ మందమైందా అని ఇప్పటికీ వాళ్లలో వాళ్లకి గొడవేనట. మనకేంటి లాభం అంటే, కాలు మెలితిరిగేటప్పుడు బయటి వైపు ఆపేదాంట్లో దాని పాత్ర ఉంది, కబడ్డీ ఆడేవాడికి కావాల్సింది సరిగ్గా అదే.

అందుకే ఏసీఎల్ కొత్తగా వేయడంతో పాటు, తొడ బయటి వైపున్న పట్టీలోంచి సన్నటి పేలిక తీసి బయట కూడా ఒక ఆధారం బిగిస్తానన్నారు. ఊరికే అనలేదు, లెక్క చెప్పారు. కెనడా, యూరప్‌లలో 618 మంది కుర్రకారు మీద చేసి 2020లో అచ్చేసిన అధ్యయనంలో, ఏసీఎల్ ఒక్కటే వేసినవాళ్లలో రెండేళ్లలో 11 శాతం మందికి గ్రాఫ్ట్ (కొత్తగా వేసిన లిగమెంట్) మళ్లీ తెగిందట, బయట కూడా బిగించినవాళ్లలో 4 శాతం. "మేం ఫస్టియర్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ డిసెక్షన్ హాల్లో నిలబడి చూసిందే ఇప్పుడు మీ వాడి కాలికి పనికొస్తోంది, శరీరం దానం చేసినవాళ్లకి చెప్పుకోవాలి థాంక్స్" అన్నారు. మా బావమరిది ఏం మాట్లాడలేదు. మా అత్త మాత్రం చేతులు జోడించింది, డాక్టర్‌కో వాళ్లకో తెలియదు.

మళ్లీ సెంటర్‌కి వద్దాం. సీడీ, ఎక్స్‌రే, డాక్టర్ చీటీ పట్టుకుని వెళ్లా. కౌంటర్‌లో మొదట "రిపోర్ట్ ఒకసారి ఇచ్చినంక మారదు సార్" అన్నారు. స్కాన్ చూసి రిపోర్టు రాసే డాక్టర్, అదే రేడియాలజిస్ట్‌తో మాట్లాడతా అని అక్కడే కూర్చున్నా. గంటకి ఆయనే బయటికొచ్చారు. లోపలికి తీసుకెళ్లి స్క్రీన్ మీద చూపించారు: ఆరోగ్యంగా ఉన్న లిగమెంట్ నల్లటి పట్టీలా గీత గీసినట్టు ఉంటుంది, వీడిది తెల్లగా ఉబ్బి, తడిసిన దారంలా ముడతలు పడింది. ఏసీఎల్ ఏటవాలుగా పోతుంది కాబట్టి 3 మిల్లీమీటర్ల మందం చొప్పున పొరలు పొరలుగా తీసే బొమ్మల్లో కొంచెం కొంచెమే దొరుకుతుంది, ఒక్క బొమ్మ చూసి సగమే తెగింది అనుకోవడం మామూలేనట. తొడ ఎముక బయటి వైపు, కింది ఎముక వెనక వైపు తెల్లటి మచ్చలు కూడా చూపించారు, లిగమెంట్ తెగిన క్షణంలో ఎముకలు రెండూ కొట్టుకున్న గుర్తులు అవి. అప్పుడు ఎక్స్‌రే పక్కన పెట్టుకుని మళ్లీ వెతికితే ఆ వడ్ల గింజ ఎంఆర్ఐలోనూ సన్నగా ఉంది. "ఈ ఎక్స్‌రే నిన్ననే నా ముందుంటే" అన్నారు. సవరణ రిపోర్టు సంతకంతో ఇచ్చారు, పైసా తీసుకోలేదు.

కాబట్టి వెళ్లేవాళ్లు పాత ఎక్స్‌రే సంచీలో పెట్టుకోండి, దెబ్బ ఎలా తగిలిందో, కాలు ఎటు తిరిగిందో ఒక కాగితం మీద రాసి ఫిల్మ్ కవర్‌కి పిన్ చేయండి, వాళ్లు అడిగినా అడగకపోయినా. సీడీ అడిగి తీసుకోండి, అడగకపోతే ఫిల్మ్ ఒక్కటే చేతిలో పెడతారు. కుడి ఎడమ సరిచూసుకోకుండా కౌంటర్ దాటొద్దు.

వారం తర్వాత ఐదు స్టార్లు ఇవ్వండి అని వాళ్ల మెసేజ్ వచ్చింది. మెషిన్‌కి, ఆ టెక్నీషియన్ కుర్రాడికి కలిపి మూడు ఇచ్చా. తప్పు ఒప్పుకున్న డాక్టర్‌కి ఒకటి కలిపా. ఐదోది దూది ఉండలకి పోయింది.