పద్ధతులు నేర్పే పత్రిక: ఏఎంపీపీఎస్‌ను ఏళ్ల తరబడి చదివాక

మనస్తత్వ శాస్త్రవేత్తల సంస్థ అయిన అసోసియేషన్ ఫర్ సైకలాజికల్ సైన్స్ 2018లో ప్రారంభించిన ‘అడ్వాన్సెస్ ఇన్ మెథడ్స్ అండ్ ప్రాక్టీసెస్ ఇన్ సైకలాజికల్ సైన్స్’ (ఏఎంపీపీఎస్) పత్రికను తొలి సంచిక నుంచి చదువుతున్నాను, నా పీహెచ్‌డీ విద్యార్థుల చేత చదివిస్తున్నాను. పరిశోధనా పద్ధతుల పత్రికలు చాలావరకు గణాంక నిపుణులు తమలో తాము మాట్లాడుకున్నట్టుంటాయి. డేనియల్ సైమన్స్ తొలి సంపాదకుడిగా ఉన్న ఈ పత్రిక మాత్రం ప్రయోగాలు చేసేవారిని, ప్రశ్నావళులతో ఊళ్లు తిరిగేవారిని దృష్టిలో పెట్టుకుంది.

మొదటి ఏడాదే వచ్చిన ఒక వ్యాసం నా బోధననే మార్చింది. నల్లని మేనిఛాయ గల ఫుట్‌బాల్ ఆటగాళ్లకు రిఫరీలు ఎక్కువగా రెడ్ కార్డులు చూపుతున్నారా అన్న ప్రశ్నను, ఒకే డేటాను 29 పరిశోధక బృందాలకు ఇస్తే, 20 బృందాలకు గణాంకపరంగా చెప్పుకోదగ్గ సంబంధం కనిపించింది, 9 బృందాలకు కనిపించలేదు. విశ్లేషణలో తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ కారణంతో సహా రాయమని విద్యార్థులను ఎందుకు పట్టుబడతానో ఆ వ్యాసం చదివాక వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నవి ఇందులోని పాఠ్య వ్యాసాలు, అంటే ఒక పద్ధతిని అంచెలంచెలుగా నేర్పేవి. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అసలు అంగీకరించను’ వరకు వచ్చే జవాబులకు 1 నుంచి 5 వరకు అంకెలు వేసి సగటు తీయడం మన సిద్ధాంత వ్యాసాల్లో పాత అలవాటు. అందులోని చిక్కేమిటో, బదులుగా ఏం చేయవచ్చో పరిశోధకులు బ్యూర్క్‌నర్, వోరే 2019లో ఈ పత్రికలోనే కంప్యూటర్ కోడ్‌తో సహా చూపించారు. ఆ కోడ్‌ను వరుసగా నడిపి, తర్వాత మన డేటాను అందులో పెట్టి చూసుకోవచ్చు. ఇంగ్లీషు ప్రశ్నావళులను తెలుగు చేసుకుని వాడే మాకు ఫ్లేక్, ఫ్రీడ్ 2020లో రాసిన వ్యాసం మరీ అవసరం. ఏం కొలుస్తున్నారు, ఈ కొలమానాన్నే ఎందుకు ఎంచుకున్నారు, అందులో ఏం మార్చారు అని అది నిలదీస్తుంది. కొన్ని ప్రశ్నలు తీసేసి కూడా మూల ప్రశ్నావళికి చెందిన విశ్వసనీయతా గుణకాన్నే (కొలత ఎంత నిలకడగా ఉందో చెప్పే అంకెనే) ఉటంకించే ధోరణికి ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

అయితే ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ మాత్రమే తెలిసినవారికి మొదట్లో కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఉదాహరణల్లో ఎక్కువ భాగం ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉంటాయి. ఇంటర్వ్యూల వంటి గుణాత్మక పద్ధతులకు దక్కిన చోటు నా దృష్టిలో చాలదు. 2021 నుంచి అన్ని వ్యాసాలనూ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. చందాలు కట్టలేని మన కళాశాలలకు ఇది నిజమైన మేలు. కానీ ప్రచురణ రుసుము భారం రచయితల వైపు చేరింది కాబట్టి, ఇక్కడి నుంచి వ్యాసం పంపదలచినవారు రాయితీల సంగతి ముందుగానే విచారించుకోవాలి.