కంబాలకొండలో చలికాలపు నడక: గైడు మంచివాడు, గుంపు పెద్దది

డిసెంబరులో ఒక ఆదివారం తెల్లవారుజామున, విశాఖపట్నం నగరంలోని ఒక చిన్న నడక సంస్థకు తలకు 600 రూపాయలు చెల్లించి, మా తమ్ముడితో కలిసి కంబాలకొండ అభయారణ్యంలో మూడు గంటల నడకకు వెళ్ళాను. తూర్పు కనుమలలో సుమారు 71 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ఈ అడవిని 2002లో అభయారణ్యంగా ప్రకటించారు.

వానాకాలపు బురద ఆరిపోవడంతో బాట గట్టిగానే ఉంది. అయితే మంచుకు తడిసిన ఆకులు రాళ్ళను కప్పేయడం వల్ల దిగుడులో రెండుసార్లు జారాను; అరిగిపోయిన బూట్లతో వెళ్ళడం నా తప్పే. ఒకచోట అరచేయంత సాలీడు బాటకు అడ్డంగా అల్లిన గూడు, దారం దారానా మంచు బిందువులు పట్టి, లేత పసుపు రంగులో మెరుస్తూ కనిపించింది. గైడు దానిని కర్రతో తెంచకుండా, అందరినీ వంగి రమ్మన్నాడు. మరికాస్త దూరంలో పొదల వెనుక కుక్క మొరిగినట్టు వినిపించగా, అది మొరిగే జింక అనీ, అపాయాన్ని పసిగట్టినప్పుడు అలా అరుస్తుందనీ చెప్పి, ఐదు నిమిషాలు ఎవరినీ కదలనివ్వలేదు. జింక కనబడలేదు. చిరుతను చూపిస్తామని ఎక్కడా ఆశపెట్టకపోవడం నాకు నచ్చింది.

నచ్చనిది గుంపు. పదిమందికి మించరని చెప్పి పద్దెనిమిది మందిని తీసుకువెళ్ళారు. వెనుక ఒకాయన ఫోనులో పాటలు పెట్టగానే, ముందున్న నెమళ్ళు కాస్తా పొదల్లోకి వెళ్ళిపోయాయి. దుర్భిణి మాత్రం మీదే తీసుకువెళ్ళండి, వారు అద్దెకిచ్చిన దాని అద్దాలకు బూజు పట్టింది.